కనిపెట్టడం, దిద్దుకోవడం: స్త్రీలపై హింసలోనూ హింసించిన పురుషుల దిద్దుబాటులోనూ సాంకేతికత – ఒక నైతిక విచారణ

'కాచు' అనే క్రియ తెలుగులో రెండు పనులు చేస్తుంది. పొలం కాచేవాడు, గొడ్లు కాచేవాడు చూపు మరల్చకుండా ఉంటారు. ఆపదలో ప్రాణం కాచేవాడు అడ్డు నిలుస్తాడు. కాపు, కావలి, కాపరి, కాపాడడం అన్నీ ఈ చుట్టరికంలోవే. 'కనిపెట్టు' కూడా ఇటువంటి మాటే. ముసలి తల్లిదండ్రులను కనిపెట్టుకొని ఉండే కొడుకును ఊరు మెచ్చుకుంటుంది. అదే మాటతో దొంగను కనిపెడతాం, అనుమానం ఉన్నవాణ్ణి ఒక కంట కనిపెట్టి ఉండమంటాం. సంరక్షణకూ నిఘాకూ మధ్య గీత గీయవలసిన అవసరం ఈ మాటలు పుట్టిన నాటికి అంతగా లేకపోయి ఉండవచ్చు. చూసేవారూ ఆ చూపుకు లోబడేవారూ ఒకే పొలిమేరలో ఉండేవారు. ఇప్పుడు భార్య ఏ వీధిలో ఉందో భర్త జేబులోని ఫోను చుక్క పెట్టి చూపిస్తున్నది. ఎందుకు చూస్తున్నావని అడిగితే అతని జవాబు ఆ పాత మాటల్లోనే వస్తుంది: కనిపెట్టుకొని ఉండాలి కదా!

జెండర్ హింసలో సాంకేతికత పాత్ర గురించి జరుగుతున్న చర్చ రెండు వేరువేరు గదుల్లో సాగుతున్నది. హింసకు సాధనంగా ఫోను, కెమెరా, గూఢచర్య యాప్‌లు ఎలా పనిచేస్తున్నాయన్నది సైబర్ చట్టాల గదిలో. హింసించిన పురుషులను మార్చడానికి, అదుపులో ఉంచడానికి పరికరాలు ఎలా ఉపయోగపడతాయన్నది సామాజిక సేవ, శిక్షాశాస్త్రాల గదిలో. ఈ రెండూ నైతికంగా ఒకే ప్రశ్న అని నా అభిప్రాయం. ఒక మనిషి మరొక మనిషిని కనిపెట్టి ఉండే హక్కు ఎక్కడినుంచి వస్తుంది, అలా కనిపెట్టడం వల్ల ఎవరి నడవడి మారుతుంది అన్నదే ఆ ప్రశ్న. భర్త భార్యపై పెట్టిన నిఘాను ఖండించి, రాజ్యం ఆ భర్తపై పెట్టే నిఘాను దిద్దుబాటు అని పిలిస్తే, అతను నమ్మిన సూత్రాన్నే అతనికి మళ్లీ బోధించినట్లవుతుంది.

విచారణ పరిధి గురించి ఒక్క మాట. స్త్రీల అనుమతి లేకుండా చిత్రాలను, వీడియోలను వ్యాప్తి చేయడం ఈ హింసలో పెద్ద భాగం. అత్యాచార దృశ్యాలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయని హైదరాబాదు లోని ప్రజ్వల సంస్థ 2015 ఫిబ్రవరిలో రాసిన లేఖను సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించింది. 2018లో జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్ రావడానికి ఆ విచారణ ఒక కారణం. అక్కడ హింసకుడు ఒక్కడు కాదు. చూసి ముందుకు పంపిన ప్రతి వేలూ అతని వేలే. ఆ వేలమందికి ఏ దిద్దుబాటు తరగతి నడపగలమన్నది విడిగా రాయవలసిన వ్యాసం. ఇక్కడ ఇంటి లోపలి నిఘాకే పరిమితమవుతున్నాను.

ఒక హార్డ్ డిస్కు, రెండు తీర్పులు

2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక విడాకుల వివాదం వచ్చింది. దంపతులు అమెరికాలో కాపురం చేసినవారు. భార్య ఇండియాలోని తల్లిదండ్రులతోను, స్నేహితులతోను ఫోనులో మాట్లాడుకున్న మాటలను భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, ఆ హార్డ్ డిస్కును కింది కోర్టులో సాక్ష్యంగా పెట్టాడు. ఆ గొంతు ఆమెదేనా అని నిపుణుల చేత పోల్చి చూడమని కింది కోర్టు ఆదేశించింది. హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. భార్య ఇతరులతో మాట్లాడే మాటలను భర్త చాటుగా పట్టడమే చట్టవిరుద్ధమని, ఆమె ఆంతరంగికతకు భంగమని, ఆ సంభాషణ నిజమైనదే అయినా సాక్ష్యంగా చెల్లదని చెప్పింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు మన ఇళ్లలోకి రాలేదు. ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పడానికి ఇంకా పదేళ్లు ఉన్నది. ఆ తీర్పుకు మన న్యాయశాస్త్ర చర్చల్లో దక్కవలసినంత చోటు దక్కలేదని నాకనిపిస్తుంది.

ఆ కేసులో కోర్టు చెప్పిన దానికన్నా లోతైన విషయం ఒకటున్నది. పరదేశంలో ఒక స్త్రీ తన తల్లికి ఫోను చేస్తుంది. మన ఊళ్లలో నీలాటిరేవు ఉండేది. బిందె నిండేలోపు అత్తగారి గురించి, మొగుడి గురించి, రాత్రి తగిలిన దెబ్బ గురించి నాలుగు మాటలు అనుకోగల చోటు. మగవాళ్ల చెవికి అందకపోవడమే దాని విలువ. అమెరికా కాపురంలో ఆ ఫోను సంభాషణే ఆమె నీలాటిరేవు. భర్త రికార్డు చేసినది కొన్ని వాక్యాలను కాదు, ఆ రేవును. ఒక్కసారి అక్కడ చెవి ఉన్నదని తెలిశాక ఆ స్త్రీ తల్లితో కూడా వంట గురించి, వాతావరణం గురించే మాట్లాడుతుంది. దెబ్బ తగలకపోయినా హింస పూర్తయినట్లే.

2025 జూలై 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరో దిక్కు చూసింది. భార్యకు తెలియకుండా, ఆమె తనతో మాట్లాడిన మాటలను భర్త రికార్డు చేస్తే, వారి మధ్య వ్యాజ్యంలో ఆ రికార్డు సాక్ష్యంగా చెల్లుతుందని చెప్పింది. రెండు కేసులూ ఒకటి కావు. మొదటి దానిలో ఆమె మాట్లాడినది ఇతరులతో, రెండవ దానిలో భర్తతోనే. న్యాయమైన విచారణ హక్కు కూడా చిన్నది కాదు. అయితే, దంపతులు ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకునే దశ వచ్చిందంటే అది ఆ బంధం అప్పటికే చెడిందనడానికి లక్షణమే తప్ప కారణం కాదన్న భావం తీర్పులో ఉన్నది. నాకు అంగీకారం కాని చోటు ఇది. 'ఒకరిపై ఒకరు' అన్న మాట ఇద్దరినీ ఒకే తక్కెడలో తూస్తున్నది. 'లక్షణం' అన్న మాట చేసినవాడి పనిని తీసి వివాహమనే శరీరానికి వచ్చిన జబ్బుగా మారుస్తున్నది. జబ్బుకు ఎవరూ జవాబుదారీ కారు. నిఘా ఒక మనిషి ఎంచుకొని చేసే పని.

దీనికి ఎదురు వాదం బలమైనదే. తిట్లను, బెదిరింపులను ఫోనులో పట్టుకొని కోర్టుకు తెచ్చుకోగలిగినందువల్లే న్యాయం పొందిన స్త్రీలు ఉన్నారు. నాలుగు గోడల మధ్య జరిగేదానికి వేరే సాక్షి ఎవరు? రికార్డింగు తప్పని ఒక్క మాటలో తేల్చేస్తే దెబ్బతినేది ముందుగా వారే. కనుక తేడా పరికరంలోనూ లేదు, చాటుగా వినడంలోనూ లేదు. విన్నది పట్టుకొని ఏం చేయగలరన్న దానిలో ఉన్నది. బలహీనులు వినేది తమను తాము కాపాడుకోవడానికి. బలవంతులు వినేది అవతలివారి ప్రపంచాన్ని కుదించడానికి. 

కత్తి పోలిక చాలదు

సాంకేతికత గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు కత్తిని తీసుకొస్తారు. కూర తరగడానికీ గొంతు కోయడానికీ కత్తి ఒకటే, దోషం పట్టుకున్న చేతిది అని. ఫోను విషయంలో ఈ పోలిక సరిపోదు. కత్తి కింద పెడితే ఆగిపోతుంది. ఫోను ఎవరూ ముట్టుకోకపోయినా పని చేస్తూనే ఉంటుంది. పైగా మన ఇళ్లలో స్త్రీ ఫోను ఎలా మొదలవుతుందో గమనించాలి. కొనేది భర్తో అన్నో కొడుకో. సిమ్ అతని పేరున. మెయిలు ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పెట్టేదీ అతనే. బ్యాంకు ఓటీపీ అతని నంబరుకు వెళ్తుంది. వీటిలో ఏ ఒక్కటీ హింస కాదు, చాలావరకు సాయమే. కాని ఆ సాయం జరిగిన రోజునే తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నదీ నిర్ణయమైపోయింది. తరువాత అతను ఏ గూఢచారి యాప్‌నూ దించుకోనక్కరలేదు. 2020లో గూగుల్ సంస్థ, భాగస్వామిపై నిఘా పెట్టే సాధనాల ప్రకటనలను నిషేధిస్తూ, తల్లిదండ్రులు పిల్లలను కనిపెట్టడానికి వాడే సాధనాలకు మినహాయింపు ఇచ్చింది. కంపెనీలు మార్చగలిగేది పెట్టెపై చీటీని మాత్రమేనని ఈ నియమమే చెబుతున్నది. పిల్లవాడి ఫోనులో పనిచేసేది తల్లి ఫోనులోనూ పనిచేస్తుంది.

మరొక కొత్తదనం కాలానికి సంబంధించినది. కొట్టే మొగుడితో బతికిన స్త్రీలకు కూడా పూర్వం అతను పొలం వెళ్లిన వేళ ఒకటి ఉండేది. వీధి తలుపు చప్పుడు అయ్యేదాకా ఇల్లు ఆమెది. ఇప్పుడు అతను ఇంట లేకపోవడం కూడా అతనితో నిండి ఉంటున్నది. ఫోను ఎందుకు ఎత్తలేదు, నీలి గీతలు పడ్డాక జవాబు ఎందుకు లేదు, మెట్రో స్టేషను దగ్గర పదిహేను నిమిషాలు ఎందుకు ఆగావు. ఈవన్ స్టార్క్ 2007లో వెలువరించిన గ్రంథంలో గృహహింసను దెబ్బల లెక్కగా కాక స్వేచ్ఛపై నేరంగా చూడాలని వాదించాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చట్టం ఆ నియంత్రణను శిక్షించదగిన నేరం చేసింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా, భార్య అన్ని వేళలా ఎక్కడ ఉన్నదో తనకు తెలియాలని భర్త పట్టుబడతాడా అని స్త్రీలను చాలాకాలంగా అడుగుతూనే ఉన్నది. ఆ ప్రశ్న రూపొందిన నాటికి పట్టుబట్టడమంటే నోటితో అడగడం. ఇప్పుడు అడగనక్కరలేదు. ప్రశ్నే వినబడని చోట ఆమె పట్టుబట్టడం లేదని జవాబు చెబితే ఆశ్చర్యం లేదు.

చెయ్యి ఆగింది, చూపు ఆగలేదు

హింసించిన పురుషులతో పనిచేసే కార్యక్రమాల చరిత్ర అర్ధశతాబ్దానికి మించదు. 1977లో బోస్టన్‌లో ఎమర్జ్ అనే సంస్థ ఈ పని మొదలుపెట్టింది. 1980ల తొలి సంవత్సరాల్లో మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ పట్టణంలో ఎలెన్ పెన్స్, ఆమె సహచరులు పోలీసులను, కోర్టును, ఆశ్రయగృహాన్ని, పురుషుల తరగతులను ఒక దారంపై కూర్చారు. 1984లో వారు గీసిన అధికార-నియంత్రణ చక్రం అక్కడి స్త్రీలు తమ అనుభవాలను చెప్పగా రూపొందినది. దాని ఇరుసు అధికారం, నియంత్రణ. అంచున ఉన్నది శారీరక, లైంగిక హింస. నడుమ ఆకుల్లో ఒకటి ఒంటరితనం: ఆమె ఎవరిని చూడాలో, ఎవరితో మాట్లాడాలో, ఎక్కడికి వెళ్లాలో అతను నిర్ణయించడం. చేతిలో ఇమిడే ఫోను ఇంటింటికీ రాకముందే ఆ స్త్రీలు ఫోను చేయబోయే పనిని చెప్పి ఉంచారు. హింస కోపం పట్టలేకపోవడం వల్ల పుట్టదని, అది ఒక అధికార భావన నుంచి పుడుతుందని ఆ చక్రం వాదన. ఆఫీసులో పై అధికారి మీద ఎంత కోపం వచ్చినా అదుపులో ఉంచుకోగలిగిన మనిషి ఇంట్లో అదుపు తప్పానంటే నమ్మవలసిన పని లేదు. డులూత్ పద్ధతిపై విమర్శలు అనేకం వచ్చాయి. ఈ మూల పరిశీలనను మాత్రం అవి కదిలించలేదని నేననుకుంటాను.

ఈ కార్యక్రమాలు ఫలిస్తాయా? లిజ్ కెలీ, నికోల్ వెస్ట్‌మర్లండ్ నాయకత్వంలో బ్రిటన్‌లో జరిగి 2015లో ప్రచురితమైన మిరబాల్ పరిశోధన పురుషుల మాటను కాక వారి సహచరులైన స్త్రీల మాటను కొలతగా తీసుకున్నది. అతను చెంపదెబ్బ కొట్టాడని, నెట్టాడని, ఏదో ఒకటి విసిరాడని చెప్పిన స్త్రీలు కార్యక్రమానికి ముందు 87 శాతం, ఏడాది తరువాత 7 శాతం. ఒంటికి గాయాలైనవారు 61 శాతం నుంచి 2 శాతానికి తగ్గారు. ఈ అంకెలు చూసి ఊరట పడనివారు ఉండరు. కాని అదే పరిశోధనలో వేధింపు, నియంత్రణ అంత వేగంగా తగ్గలేదు. చెయ్యి ఆగినంత తొందరగా పెత్తనం ఆగలేదన్నమాట. కొట్టడం మానడానికి ఒక నిర్ణయం చాలు. తనకు తెలియకుండా ఆమె ఒక మధ్యాహ్నం గడపవచ్చునని ఒప్పుకోవడానికి మనిషి తన గురించి తాను పెంచుకున్న ఊహ మారాలి.

ఒక కార్యక్రమం హింసను దెబ్బలుగానే లెక్కిస్తే జరిగేదేమిటో ఊహించడం కష్టం కాదు. అతను తరగతులన్నిటికీ హాజరవుతాడు, చేయి చేసుకోడు, ధ్రువపత్రం తీసుకుంటాడు. అది జేబులో పెట్టుకున్న చేత్తోనే ఫోను తీసి ఆమె ఎక్కడుందో చూస్తాడు. హింసకులతో జరిపే కార్యక్రమాలలో బాధితుల భద్రతకే ప్రథమ స్థానం ఇవ్వాలని, వారికి సాయం చేసే సంస్థలతో కలిసి నడపాలని ఐరోపా మండలి వారి 2011 నాటి ఇస్తాంబుల్ ఒడంబడిక 16వ అధికరణం అంటున్నది. 2021లో ఆ ఒడంబడిక నిపుణుల సంఘం డిజిటల్ రూపాలు కూడా ఆ హింసలో భాగమేనని తన మొదటి సాధారణ సిఫారసుగా చెప్పింది. ఒక విధానపత్రం అలా చెప్పడం, ఒక తరగతి గదిలో ఒక మనిషి తన ఫోను గురించి నోరు విప్పడం వేరువేరు సంగతులు.

కోవిడ్ కాలంలో ఈ తరగతులే చాలాచోట్ల తెర మీదికి మారాయి. దూరాన ఉన్నవారికి సౌకర్యమే. కాని అతను కూర్చున్నది ఏ గదిలో? పక్క గదిలో ఉన్న ఆమెకు అతని మాటలు వినబడుతున్నాయా? తన గురించి అతను చెబుతున్నది విని ఆమె మౌనంగా ఉండవలసి వస్తున్నదా? హింస జరిగిన గదే పాఠశాల అయినప్పుడు, ఆ గంటసేపు ఆ ఇంట్లో ఆమె ఎక్కడ ఉండాలన్నది నిర్వాహకులు ముందుగా అడగవలసిన ప్రశ్న.

కడియం

స్పెయిన్ 2004లో జెండర్ హింసపై సమగ్ర చట్టం చేసింది. 2009 నుంచి అక్కడ కోర్టు ఆదేశం మేరకు నిందితునికి జీపీఎస్ కడియం తొడిగే ఏర్పాటు ఉన్నది. ఆమె దగ్గర ఒక పరికరం ఉంటుంది. అతను నిర్ణీత దూరం దాటి దగ్గరకు వస్తే కేంద్రానికి హెచ్చరిక వెళ్తుంది. దీనిని తేలికగా కొట్టిపారేయలేం. కిటికీ తలుపు వేసుకొని కూర్చున్న స్త్రీకి వీధిలోకి వెళ్లే ధైర్యం ఇచ్చే వస్తువు అది. అయితే నిఘా అతనికే పరిమితం కాదు, ఆమె కూడా ఒక పరికరాన్ని మోసుకు తిరగాలి, ఆమె ఆచూకీ కూడా ఎక్కడో నమోదవుతూ ఉంటుంది. కేంద్రాన్ని నిర్వహించే సంస్థలు మారినప్పుడు పాత సమాచారం కొంతకాలం అందక, ఆ సమాచారంపై ఆధారపడిన కేసులు దెబ్బతిన్నాయని 2025లో అక్కడ పెద్ద దుమారం రేగింది. కడియం నమ్మకం ఎంతకాలమంటే దాని టెండరు ఉన్నంతకాలం.

మన దేశంలో ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2024 జూలైలో ఒక మాదకద్రవ్యాల కేసులో, నిందితుడు తన లొకేషను పోలీసులకు కనబడేలా పెట్టాలన్న బెయిలు షరతును సుప్రీంకోర్టు రద్దు చేసింది. అతని ప్రతి కదలికనూ నిరంతరం కనిపెట్టే అవకాశమిచ్చే షరతు రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. నేరం రుజువు కాని మనిషి విషయంలో ఇది సరైన మాట. కాని దీని పక్కనే మన ఇళ్లను పెట్టి చూడండి. నేరారోపణ ఉన్న మనిషి విషయంలో రాజ్యం చేయకూడని పనిని, ఏ ఆరోపణా లేని మనిషి విషయంలో భర్త ప్రతిరోజూ చేస్తున్నాడు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను స్త్రీ ఇంటర్నెట్, ఈ-మెయిల్ వాడకాన్ని కనిపెట్టడం వెంటాడే నేరంలో భాగమని చెబుతున్నది. వెంటాడేవాడు అనగానే మన మనసుకు తోచేది బస్టాపు దగ్గర నిలబడ్డ కుర్రవాడే. తెలంగాణ షీ టీమ్స్ 2014 నుంచి చేస్తున్న పని కూడా ఎక్కువగా ఆ కుర్రవాడి గురించే. అతణ్ణి పట్టుకొని తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్ ఇస్తారు. దీనివల్ల కలిగేది చాలావరకు సిగ్గు. సిగ్గు చూసేవారి వైపు తిరిగి ఉంటుంది, పశ్చాత్తాపం బాధపడ్డవారి వైపు తిరిగి ఉంటుంది. చూసేవారు లేనిచోట మొదటిది ఉండదు.

కడియం కూడా చూసేవారి జాతిదే. అతను ఆమె వీధిలోకి వెళ్లకపోవడం కడియం చేసిన పని, అతను చేసినది కాదు. కర్మేంద్రియాలను బిగబట్టుకొని మనసులో విషయాలనే స్మరిస్తూ కూర్చున్నవాణ్ణి గీత మూడవ అధ్యాయం మిథ్యాచారుడు అంటుంది. ఇక్కడ బిగబట్టినది కూడా అతను కాదు, ఒక పట్టీ. ధర్మశాస్త్రాలు దండాన్నీ ప్రాయశ్చిత్తాన్నీ వేరు చేశాయి. దండం రాజు వేసేది. ప్రాయశ్చిత్తం చేసినవాడు తానుగా చేసుకునేది. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపవిముక్తి మార్గాలలో ముందుగా చెప్పినది ఖ్యాపనాన్ని, అంటే చేసినది నోటితో చెప్పడాన్ని. ఆ తరువాతే అనుతాపం. అదే గ్రంథం స్త్రీ రక్షణ పేరిట చెప్పిన దానితో నాకు పేచీ ఉన్నది. ఈ విభజన మాత్రం పనికివచ్చేదే.

దీనికి ఒక స్త్రీ వేయగల ప్రశ్న తెలుసు. 'అతని చిత్తశుద్ధి నాకెందుకు? నాకు కావలసింది రాత్రి నిద్ర.' ఈ ప్రశ్నకు ఎదురు చెప్పే అర్హత ఎవరికీ లేదు. కనుక కోర్టు ఆదేశంతో, కాలపరిమితితో, ఆమె కోరినప్పుడు, ఆమె భద్రత కోసం అతనిపై నిఘా పెట్టడం సమర్థనీయమే. నా అభ్యంతరం దానిని ఏ ఖాతాలో రాస్తున్నామన్న దానిపైనే. కడియం తొడిగిన ఆరు నెలల్లో ఉల్లంఘన లేదన్నది ఆమె భద్రత ఖాతాలో రాయవలసిన సంగతి. అతను మారాడనే ఖాతాలో రాస్తే, కడియం విప్పిన మర్నాడు ఆమెకో, అతని జీవితంలోకి వచ్చే మరో స్త్రీకో అబద్ధపు హామీ ఇచ్చినట్లు.

దిద్దుబాటు ఎవరి పని

2005 గృహహింస చట్టం 14వ సెక్షను, ప్రతివాదిని గాని బాధితురాలిని గాని, విడిగా గాని కలిపి గాని కౌన్సెలింగ్‌కు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 2006 నియమావళి 14వ నియమంలో ఒక అసాధారణమైన మాట ఉన్నది. తాను చేసినదానికి సమర్థన చెప్పుకోవడం కౌన్సెలింగ్‌లో భాగం కాదని ప్రతివాదికి ముందే తెలియజేయాలి. 'ఆమె అలా అన్నది కనుక నేను ఇలా చేశాను' అన్న వాక్యానికి ఆ గదిలో చోటు లేదు. పరిపాలనా భాషలో రాసిన ఈ నియమంలో ఉన్న నైతిక దృష్టి మన కథాసాహిత్యంలో కూడా అరుదు. అయితే నియమం సమర్థనను ఆపింది కాని ఖ్యాపనాన్ని అడగలేదు. ఆ ఖాళీలోకి మన అలవాటైన సర్దుబాటు వచ్చి కూర్చుంటుంది.

ఆ సర్దుబాటుకు ఈమధ్య ఒక సాంకేతిక రూపం వచ్చింది. అనుమానం మీద తగువులాడుకునే దంపతులకు పెద్దమనుషులు చెప్పే సలహా: ఇద్దరూ ఫోన్లు ఒకరికొకరు చూపించుకోండి, పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకోండి, దాపరికం లేకపోతే గొడవే లేదు. పైకి ఇది సమానత్వంలా కనబడుతుంది. అతను ఫోను చూపిస్తే పోయేది తక్కువ, అతని స్నేహాలు వీధిలో, ఆఫీసులో, టీ కొట్టు దగ్గర ఉన్నాయి. ఆమె చూపిస్తే పోయేది ఉన్న ఒక్క రేవు. అక్కకు రాసిన మాట, సాయం చేసే సంస్థ నంబరు, దాచుకున్న డబ్బు లెక్క అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకే కొలత ఇద్దరికీ పెట్టినా ఇల్లు ఇద్దరికీ ఒకటి కాదు.

దీనికి వ్యతిరేక దిశలో కార్యక్రమం అతణ్ణి అడగవలసినది ఒకటున్నది: తెలియకపోవడాన్ని భరించడం. ఆమె ఈ సాయంత్రం ఎక్కడుందో తెలియకుండా భోజనం చేయగలగాలి. ఆమె వచ్చాక ఆ తెలియనితనానికి ఎవరి చేతా వెల చెల్లించకుండా ఉండగలగాలి. ఇది చిన్న సాధన కాదు. అతను చూడలేదన్న దానిని ఏ పరికరమూ నమోదు చేయలేదు. చూశాడన్న దానినే నమోదు చేయగలదు. కనుక ఈ మార్పుకు కొలత ఆమె బతుకులో వచ్చిన వెసులుబాటే. అది ఆమె చెబితేనే తెలుస్తుంది, అదీ అతనితో పనిచేసే వ్యక్తికి కాక, ఆమె పక్షాన విడిగా పనిచేసే మరొకరికి.

కాని అక్కడే జాగ్రత్త పడాలి. మన ఆధునిక కథ ఒక మగవాడి దిద్దుబాటుతోనే మొదలైందని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1910లో అచ్చయిన గురజాడ కథలో గోపాలరావు చేసినది హింస కాదు, ఆ పోలిక అంతవరకే. నేను చూడమంటున్నది పని పంపకాన్ని. ఉపాయం ఆలోచించేది కమలిని, ఉత్తరం రాసేది కమలిని, వెళ్లిపోయినట్లు నమ్మించేది కమలిని, భర్త విలపిస్తుంటే మంచం కింద దాగి వినేదీ, చివర నవ్వి క్షమించేదీ కమలినే. పురుషుడు దిద్దుకున్నాడు కాని దిద్దిన శ్రమంతా ఆమెది. అతను నిజంగా మారాడా అని కనిపెట్టి ఉండవలసిన బాధ్యత కథ అయిపోయాక కూడా ఆమెదే. మంచం కింద ఆమె వినడం, అమెరికాలో ఆ భర్త రికార్డు చేయడం ఒకటి కావని పైన చెప్పిన తేడాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. అయినా ఆమెను ఆ మంచం కిందే ఉంచే హక్కు మనకు లేదు. ఆమె మాట కొలత అయినంత మాత్రాన ఆమె సాక్ష్యం చెప్పి తీరాలన్న విధి కాకూడదు. చెప్పకపోవడం కూడా ఆమె ఇష్టమే.

ఆచరణలో ఇది ఎక్కడ మొదలవుతుందంటే, చాలా మామూలు చోట. 14వ నియమం ప్రకారం ప్రతివాది హింసకు పాల్పడనని హామీ రాసివ్వాలి. తగిన సందర్భాల్లో ఉత్తరం, టెలిఫోను, ఈ-మెయిలు వంటి ఏ మార్గంలోనూ ఆమెతో సంపర్కం పెట్టుకోనని కూడా రాసివ్వాలి. చట్టం 18వ సెక్షను కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు కూడా ఎలక్ట్రానిక్ సంపర్కాన్ని నిషేధించగలదు. రెండూ ఫోనును మాట పంపే గొట్టంగానే చూస్తున్నాయి. అతను ఒక్క మాటా పంపకుండా ఆమె మెయిలు తెరిచి చదువుతూ ఉండవచ్చు. కనుక హామీపత్రంలో మరికొన్ని వాక్యాలు చేరాలి. ఆమె ఖాతాలలో తన ఫోను నంబరు రికవరీ నంబరుగా ఉంటే తీసివేయిస్తానని, లొకేషను పంపకాన్ని ఆపుతానని, తన దగ్గరున్న ఆమె చిత్రాలను ఏం చేశాడో చెబుతానని. ఇవి రాసేటప్పుడు అతను ప్రతి ఒక్కటీ ఎప్పుడు, ఎందుకు పెట్టాడో నోటితో చెప్పవలసి వస్తుంది. కౌన్సెలర్లకు అలవాటు లేని ఖ్యాపనం అప్పుడు దానంతట అదే మొదలవుతుంది. అన్నిటికన్నా ముందు సిమ్. అది అతని పేరున ఉంటే ఆమె ఇల్లు వదిలి వెళ్లిన రోజున అతను దుకాణానికి వెళ్లి నకలు సిమ్ తీసుకోగలడు. ఆమె బ్యాంకు, ఆమె ఆధార్, బిడ్డ బడి నుంచి వచ్చే సందేశం అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. నంబరును ఆమె పేరున మార్పించడానికి అతని సంతకం ఒకటి కావాలి. కౌన్సెలింగ్ మొదటి రోజున, క్షమాపణ గురించి మాట ఎత్తకముందే, ఆ సంతకం అడగవచ్చు.